సోడియం లైట్లు తీసి ఎల్‌ఈడీ పెడుతున్నారా? వాట్లు సగానికి దించండి, రంగు 3000 దాటనివ్వకండి

మీ ప్రశ్న రెండుసార్లు చదివానండీ. వీధిలో 22 స్తంభాలు, ఒక్కోటి 8 మీటర్ల ఎత్తు, స్తంభానికీ స్తంభానికీ 30 మీటర్లు, రోడ్డు వెడల్పు 7 మీటర్లు, ఇప్పుడున్నవి 150 వాట్ల సోడియం వేపర్ లైట్లు. వాటి బదులు 90 వాట్ల ఎల్‌ఈడీ, 6500 కెల్విన్ (లైటు రంగు కొలత) తెల్లవి పెడతానని సప్లయర్ చెప్పాడు, కుర్రాళ్ళంతా సరే అన్నారు, పెద్దవాళ్ళేమో ఆ తెల్ల లైటు కళ్ళలో గుచ్చుకుంటుంది, పాత పసుపు లైటే ఉండనివ్వండి అంటున్నారు, ఎవరి మాట వినాలి అని కదా అడిగారు.

ఇద్దరి మాటా వినండి. మార్చడం మంచిదే, కుర్రాళ్ళు చెప్పింది నిజం. తెల్ల లైటు గుచ్చుకుంటుంది, పెద్దవాళ్ళు చెప్పిందీ నిజం. మార్చండి గానీ ఆ సప్లయర్ చెప్పినవి మాత్రం పెట్టకండి. 90 వాట్లు అక్కర్లేదు, 45 చాలు. 6500 అసలొద్దు, 3000 లేదా ఇంకా తక్కువ 2700 తీసుకోండి. ఎందుకో కింద రాస్తున్నా, కొంచెం పెద్దదే అవుతుంది, ఓపిగ్గా చదవండి, ఎందుకంటే ఈ లైట్లు ఒకసారి ఎక్కించాక ఇంకో పదిహేనేళ్ళు ఎవరూ దించరు, తప్పు చేస్తే ఆ పదిహేనేళ్ళూ మీరే భరించాలి.

నేను వీధి లైట్ల పని మొదలుపెట్టి 26 ఏళ్ళయింది, సగం జీవితం సోడియం లైట్లతోనే గడిచింది, అవంటే నాకు ఇష్టం కూడా. లోపల చిటికెన వేలంత సిరామిక్ గొట్టం, అందులో సోడియం, కాస్త పాదరసం, జినాన్ గ్యాసు ఉంటాయి. స్విచ్ వెయ్యగానే ఇగ్నైటర్ మూడు నాలుగు వేల వోల్టుల పల్సులు కొట్టి దాన్ని రాజేస్తుంది, మొదట నీలంగా తెల్లగా ఉంటుంది, తర్వాత చిక్కటి పసుపు, నాలుగైదు నిమిషాలకి ఆ బంగారు రంగులోకి వస్తుంది. సాయంత్రం స్తంభం కింద నిలబడి అది రంగులు మారడం చూసినవాళ్ళకి తెలుస్తుంది నేనేమంటున్నానో. 1960ల్లో బజార్లోకి వచ్చిన ఈ ల్యాంపు ఇన్నేళ్ళు నిలబడిందంటే ఊరికే కాదు, వాట్‌కి 100 ల్యూమెన్ల (ల్యాంపు ఇచ్చే వెలుతురు కొలత) పైన ఇచ్చేది, వానకీ ఎండకీ తట్టుకునేది, ఇనుప చోకు గట్టిది కాబట్టి పిడుగు పడినా చాలాసార్లు బతికి బయటపడేది. ఈ చివరి మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత మళ్ళీ దీని దగ్గరికే వస్తా.

మరి ఎందుకు మార్చాలంటే, మొదటిది రంగులు. సోడియం లైటు కింద రంగుల పోలిక సూచీ 20, 25 దగ్గర ఉంటుంది, పగటి వెలుగుకి 100 అనుకుంటే. అంటే ఎర్ర కారు గోధుమ రంగులో కనిపిస్తుంది, నీలం చొక్కా నల్లగా కనిపిస్తుంది, రాత్రి ఏదైనా జరిగితే ఏ రంగు బండి అని అడిగితే చూసినవాళ్ళు కూడా సరిగ్గా చెప్పలేరు. ఇంకా పాత రకం ఒకటుంది, లో ప్రెషర్ సోడియం, అది 589 నానోమీటర్ల దగ్గర ఒక్క పసుపు రంగే ఇస్తుంది, దాని కింద అసలు రంగులనేవే ఉండవు, అన్నీ పసుపు, బూడిద, నలుపు. ఎల్‌ఈడీలో ఆ సూచీ మామూలుగా 70 పైన ఉంటుంది, మనిషి మొహం మొహంలా కనిపిస్తుంది.

రెండోది వెలుతురు ఎటు పోతుందన్నది. సోడియం ల్యాంపు చుట్టూ అన్ని వైపులా వెలుగుతుంది, పైకి పోయిన వెలుతుర్ని రిఫ్లెక్టర్ పట్టుకుని కిందకి పంపాలి, ఆ తిరుగుడులో పావు వంతు నుంచి మూడో వంతు దాకా ఫిట్టింగ్ లోపలే పోతుంది, గ్లాసు మీద దుమ్ము, లోపల చచ్చిన పురుగులు ఉంటే ఇంకా పోతుంది. ఎల్‌ఈడీ చిప్పులు కిందకే చూస్తుంటాయి, ఒక్కో చిప్పు మీద చిన్న లెన్సు ఉండి వెలుతుర్ని రోడ్డు పొడుగునా పరుస్తుంది. అందుకే ల్యాంపు ల్యూమెన్లతో ఎల్‌ఈడీ ఫిట్టింగ్ ల్యూమెన్లని నేరుగా పోల్చకూడదు. సోడియం డబ్బా మీద 16000 అని ఉంటే అది ల్యాంపు ఇచ్చేది, ఎల్‌ఈడీ ఫిట్టింగ్ కాగితం మీద ఉన్నది ఫిట్టింగ్ బయటికి వచ్చేది.

మూడోది మెయింటెనెన్సు. సోడియం ల్యాంపు ముసలిదయ్యేకొద్దీ దాని వోల్టేజి పెరుగుతుంది, ఒక దశలో చోకు ఇక మోయలేక ల్యాంపు ఆరిపోతుంది, చల్లారాక మళ్ళీ వెలుగుతుంది, వేడెక్కాక మళ్ళీ ఆరిపోతుంది, రాత్రంతా ఇదే పని. ఎవరో స్విచ్‌తో ఆడుకుంటున్నారని జనం ఫోన్లు చేసేవాళ్ళు, మేం పగలు పోయి చూస్తే చక్కగా వెలుగుతుండేది. ఇప్పుడు ఆ ల్యాంపుల తయారీ కూడా బాగా తగ్గిపోయింది, లో ప్రెషర్ రకమైతే చేసేవాళ్ళు ఆపేశారు. కాబట్టి పాతదే ఉంచుదామన్నా ఎన్నాళ్ళో ఉంచలేరు.

ఇక కరెంటు లెక్క. మీ 150 వాట్ల ల్యాంపుకి చోకు ఇంకో 20 తింటుంది, మొత్తం 170. రాత్రికి సగటున 12 గంటల చొప్పున ఏడాదికి 4380 గంటలు, అంటే స్తంభానికి 745 యూనిట్లు. 45 వాట్ల ఎల్‌ఈడీకి 197. తేడా 548 యూనిట్లు, 22 స్తంభాలకి ఏడాదికి దగ్గర దగ్గర 12 వేల యూనిట్లు మిగులుతాయి. లాస్ ఏంజెలస్‌లో 2009 నుంచి 2013 దాకా లక్షా నలభై వేల దాకా లైట్లు మారిస్తే కరెంటు 60 శాతం పైనే తగ్గింది, కాబట్టి ఇదేం కాగితం మీద లెక్క కాదు.

ఇప్పుడు మీరు 45 వాట్లా, అంత తక్కువా, చీకటైపోదా అంటారు. లెక్క వేసి చూద్దాం. మంచి ఫిట్టింగ్ వాట్‌కి 140 ల్యూమెన్లు ఇస్తుంది, 45 కి 6300. అందులో మీ 7 మీటర్ల రోడ్డు మీద పడేది సుమారు 45 శాతం, మిగతాది పక్కలకి పోతుంది. కొన్నేళ్ళకి తగ్గేది, దుమ్ము పట్టేది కలిపి ఇంకో 20 శాతం తీసెయ్యండి. మిగిలింది 2268 ల్యూమెన్లు, దాన్ని 30 మీటర్లు ఇంటూ 7 మీటర్లు అంటే 210 చదరపు మీటర్లతో భాగిస్తే 11 లక్స్ (చదరపు మీటరు మీద పడే ల్యూమెన్లు) కన్నా కొంచెం తక్కువ. ఇళ్ళ మధ్య ఉండే వీధికి 5 నుంచి 10 లక్స్ ఉంటే బ్రహ్మాండం. అదే 90 వాట్లు పెడితే 21, 22 లక్స్ వస్తుంది, అది బండ్లు దూసుకుపోయే పెద్ద రోడ్డు మీద ఉండాల్సిన వెలుతురు, ఇంటి ముందు అంత అవసరం ఎవరికీ లేదు. వీధి మొదట్లో జంక్షన్ ఉంటే అక్కడ ఒకటో రెండో 60 వాట్లవి పెట్టుకోండి, మిగతావన్నీ 45.

సప్లయర్లు ఎక్కువ వాట్లు ఎందుకు చెప్తారంటే మోసం చెయ్యాలనే కాదు, ఎవరూ చీకటిగా ఉందని తిట్టకూడదని. నిజానికి జనం చీకటిగా ఉంది అని కంప్లయింట్ చేసేది చాలాసార్లు వెలుతురు తక్కువై కాదు, సమంగా లేక. స్తంభం కింద 40 లక్స్ ఉండి మధ్యలో 2 ఉంటే కన్ను ఆ 40 కి అలవాటు పడిపోయి మధ్యలో గుడ్డిదైపోతుంది. దీపం కింద చీకటి అంటారు గానీ వీధిలో దీపం కింద పట్టపగల్లా ఉండి రెండు దీపాల మధ్యే చీకటి ఉంటుంది. అందుకే సగటు ఎంత అని మాత్రమే అడక్కండి, అన్నిటికన్నా తక్కువ ఉన్న చోట ఎంత, సగటు ఎంత, ఆ రెండిటి నిష్పత్తి ఎంత అని అడగండి. 0.4 వస్తే చాలా బాగున్నట్టు. సప్లయర్ దగ్గర ఫిట్టింగ్ ఫోటోమెట్రీ ఫైలు (ఏ వైపుకి ఎంత వెలుతురు పోతుందో కొలిచిన లెక్క) ఉంటుంది, మీ ఎత్తు, దూరం, వెడల్పు ఇస్తే కంప్యూటర్లో పదినిమిషాల్లో లెక్క వేసి ఇవ్వగలడు. ఆ ఫైలు లేదు అంటే ఆ ఫిట్టింగ్ కొనొద్దు, ఇందులో ఇంకో మాట లేదు.

రంగు విషయానికొస్తా, పెద్దవాళ్ళు చెప్పేది ఇదే కాబట్టి కొంచెం ఎక్కువే రాస్తా. తెల్ల ఎల్‌ఈడీ అంటే నిజానికి నీలం ఎల్‌ఈడీ, 450 నానోమీటర్ల దగ్గర వెలిగే చిప్పు మీద పసుపు ఫాస్ఫర్ పొర వేస్తే కొంత నీలం పసుపుగా మారి రెండూ కలిసి తెల్లగా కనిపిస్తుంది. ఆ నీలం చిప్పు కనిపెట్టినందుకే అకసాకి, అమానో, నకమురా ముగ్గురికీ 2014లో ఫిజిక్స్ నోబెల్ వచ్చింది. ఫాస్ఫర్ పల్చగా ఉంటే 6500 కెల్విన్, చిక్కగా ఉంటే 3000. కెల్విన్ అంకె పెరిగేకొద్దీ నీలం ఎక్కువని అర్థం, సోడియం లైటు 2000, 2100 దగ్గర ఉంటుంది. (కొన్ని నగరాల్లో 2021 ప్రాంతంలో వీధి లైట్లు ఊదారంగులోకి మారిపోయి జనం కంగారు పడ్డారు గుర్తుందా, అది ఆ ఫాస్ఫర్ పొర ఊడిపోయి లోపలి నీలం బయటపడటమే.)

ఈ నీలంతో మూడు ఇబ్బందులు. ఒకటి, కన్ను వెనక రెటీనాలో చూపుకి కాకుండా పగలా రాత్రా అని మెదడుకి చెప్పడానికి వేరే కణాలుంటాయి, వాటికి 480 నానోమీటర్ల దగ్గర నీలం అంటే ఎక్కువ స్పందన, పడకగదిలోకి ఆ వెలుతురు పడితే నిద్ర హార్మోను ఆలస్యం అవుతుంది. రెండు, వయసు పెరిగేకొద్దీ కంట్లో లెన్సు మసకబారి లోపలికొచ్చిన వెలుతుర్ని చెదరగొడుతుంది, శుక్లం మొదలైనవాళ్ళకి మరీ ఎక్కువ, చిన్న చుక్క లాంటి గట్టి తెల్ల వెలుగు చూస్తే కళ్ళు బైర్లు కమ్మి దాని పక్కనున్న మనిషి కనపడడు. మీ ఇంట్లో పెద్దవాళ్ళు చాదస్తంతో అనట్లేదండీ, వాళ్ళకి నిజంగానే కనపడట్లేదు. మూడు, గాల్లో నీలం ఎక్కువ చెదురుతుంది, ఆకాశం నీలంగా ఉండేది అందుకే కదా. చెదరడం తరంగదైర్ఘ్యం నాలుగో ఘాతంతో మారుతుంది, 589 తో పోలిస్తే 450 దాదాపు 3 రెట్లు చెదురుతుంది, అంటే అంతే వెలుతురు పైకి పోయినా ఆకాశం ఎక్కువ తెల్లబడిపోతుంది, చుక్కలు మాయమవుతాయి. అబ్జర్వేటరీలున్న చోట్ల లో ప్రెషర్ సోడియమే కావాలని పట్టుబట్టింది అందుకే, ఒక్క పసుపు గీతే కాబట్టి టెలిస్కోపులో ఫిల్టర్ చేసెయ్యొచ్చు. సముద్రపు తాబేళ్ళు గుడ్లు పెట్టే తీరాల్లో కూడా తెల్లవి పెట్టకూడదు, గుడ్లు పగిలి బయటికొచ్చిన పిల్లలు సముద్రం వైపు కాకుండా వెలుతురు వైపు పాకుతూ పోయి చచ్చిపోతాయి, అక్కడ యాంబర్ రంగు ఎల్‌ఈడీ వాడతారు. పురుగులు కూడా పసుపు కన్నా నీలం వైపు ఎక్కువ వస్తాయి, ఇది మీకే తెలుసు.

అమెరికన్ మెడికల్ అసోసియేషన్ 2016లో వీధి లైట్లు 3000 కెల్విన్ దాటొద్దు, వెలుతురు పక్కలకి కొట్టకుండా కప్పు ఉండాలి అని చెప్పింది. అంతకు రెండేళ్ళ ముందే 2014లో కాలిఫోర్నియాలో డేవిస్ అనే ఊళ్ళో 4000 కెల్విన్‌వి పెడితే జనం గోల పెట్టారు, ఇళ్ళున్న చోట్ల వాటిని పీకి 2700 వి పెట్టాల్సి వచ్చింది, ఒకే పనికి రెండుసార్లు డబ్బు. మీరు అది ముందే చెయ్యండి అంటున్నా. 6500 లో వెలుతురు ఎక్కువ వస్తుందని ఎవరైనా అంటే ఒకప్పుడు నిజం, మొదట్లో తేడా బాగానే ఉండేది, ఇప్పటి చిప్పుల్లో 3000 కీ 6500 కీ తేడా 5 నుంచి 10 శాతమే, ఆ కాస్త దాని కోసం వీధంతా ఆపరేషన్ థియేటర్‌లా చేసుకోనక్కర్లేదు. ఒక్కటి ఒప్పుకుంటా, మసక వెలుతురులో కన్ను నీలం పచ్చ వైపు జరుగుతుంది, అందుకని తక్కువ లక్స్‌లో తెల్ల లైటు కింద కంటి కొసల్లో కదలికలు కాస్త బాగా తెలుస్తాయి. ఆ లాభం 3000 లోనూ సోడియం కన్నా బాగానే ఉంటుంది, దాని కోసం 6500 దాకా పోనవసరం లేదు.

గుచ్చుకోవడానికి రంగు ఒక్కటే కారణం కాదు, వాలు ఇంకో కారణం, దీన్ని ఎవరూ పట్టించుకోరు. సోడియం ఫిట్టింగులు స్తంభం చెయ్యి 10, 15 డిగ్రీలు పైకి ఎత్తి బిగించేవాళ్ళం, వెలుతురు రోడ్డు అవతలికి పోవాలని, గుండ్రటి గ్లాసు కాబట్టి పెద్ద ఇబ్బంది ఉండేది కాదు. ఎల్‌ఈడీ లెన్సు అలా కాదు, అది నేలకి సమాంతరంగా బిగిస్తేనే సరిగ్గా పరుస్తుంది. నేను మొట్టమొదట చేసిన ఎల్‌ఈడీ రోడ్డులో అదే తప్పు చేశాం. పాత చేతులు అలాగే ఉంచి కొత్త ఫిట్టింగులు తొడిగేశాం, మొదటి రాత్రే ఎదురింటి పై అంతస్తులో ఉండే ఒక పెద్దావిడ కిందకి దిగొచ్చి బాబూ నా మంచం మీద ఎండ కాస్తోందయ్యా అంది. ఆవిడ వెనకే పైకెళ్ళి చూశా, నిజంగానే కిటికీ గుండా మంచం మీద తెల్లగా నలుచదరంగా పడుతోంది. నాకు చాలా బాధేసింది, ఎందుకంటే ఆ లైటు మంచిదే, ఖరీదైనదే, మేం బిగించిన తీరు తప్పు. మర్నాడు అన్నిటికీ అడాప్టరు మార్చి వాలు సున్నా చేశాం, అప్పటికి గానీ ఆవిడ గదిలో చీకటి పడలేదు. అప్పట్నుంచి నేను ఏ రోడ్డు పని చేసినా ఒక పై అంతస్తు ఇంటివాళ్ళని అడిగి వాళ్ళ కిటికీలోంచి చూడకుండా బిల్లు మీద సంతకం పెట్టను. మీ చేతులు ఎత్తి ఉంటే వాలు సరిచేసుకునే నకిల్ ఉన్న ఫిట్టింగ్ అడగండి, 0 నుంచి 5 డిగ్రీల లోపు ఉంచండి, ఇళ్ళు మరీ దగ్గరుంటే వెనక వైపు షీల్డ్ పెట్టమనండి, చిన్న రేకు ముక్కే.

చెట్లు కూడా చూసుకోండి. సోడియం వెలుతురు చెదిరి చెదిరి ఆకుల సందుల్లోంచి ఎలాగోలా వచ్చేది, ఎల్‌ఈడీది కత్తితో కోసినట్టు ఉంటుంది కాబట్టి కొమ్మ అడ్డొస్తే ఆ నీడ నేల మీద అలాగే పడిపోతుంది.

ఇప్పుడు కరెంటు వైపు, ఇక్కడే చాలా ప్రాజెక్టులు చెడిపోయేది. పైన చెప్పా కదా, ఇనుప చోకు మొండిది. ఎల్‌ఈడీలో చిప్పులు సామాన్యంగా పోవు, పోయేది డ్రైవర్, అంటే చిప్పులకి కావాల్సినట్టు కరెంటు మార్చి ఇచ్చే సర్క్యూట్. లక్ష గంటలు అని డబ్బా మీద రాసేది చిప్పుల గురించి, అది కూడా లక్ష గంటలకి వెలుతురు 70 శాతానికి పడిపోతుందని అర్థం, అంతే గానీ ఆరిపోతుందనీ కాదు, డ్రైవర్ అన్నాళ్ళు బతుకుతుందనీ కాదు. డ్రైవర్ లోపల ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లుంటాయి, వాటికి ప్రతి 10 డిగ్రీల వేడి పెరిగితే ఆయుష్షు సగమవుతుంది. పల్చటి రేకు బాడీ, చిన్న హీట్‌సింక్ ఉన్న చవక ఫిట్టింగులు రెండు మూడేళ్ళకే ఎందుకు ఆరిపోతాయో ఇదే కారణం. చేత్తో పట్టుకుని చూడండి, అల్యూమినియం పోతపోసిన బాడీ బరువుగా ఉంటుంది, ఫిన్లు నిలువుగా ఉండి వాన నీటితో దుమ్ము కడుక్కుపోయేలా ఉండాలి.

సర్జ్ ప్రొటెక్షన్ (పిడుగు లాంటి హఠాత్తు వోల్టేజి దెబ్బని ఆపేది) 10 కిలోవోల్టులది, విడిగా మార్చుకోగలిగేది ఉండాలి, దానికి ఎర్తింగ్ నిజంగా ఉండాలి. స్తంభానికి ఎర్తు తెగిపోయి ఉంటే ఆ ప్రొటెక్టరు ఉండి ఏం లాభం. దీనికన్నా పెద్ద శత్రువు న్యూట్రల్. మూడు ఫేజుల లైన్లో న్యూట్రల్ జాయింట్ వదులై తెగితే 230 ఉండాల్సిన చోట 400 దాకా పోతుంది. ఒకసారి మేం లైట్లు మార్చిన నెల్లాళ్ళకి ఒక గాలివాన రాత్రి వరసగా 11 ఫిట్టింగులు పోయాయి. అందరూ సరుకు నాసిరకం అన్నారు, నేనూ అదే అనుకున్నా, విప్పి చూస్తే అన్నిట్లోనూ సర్జ్ ప్రొటెక్టర్ మాడిపోయి ఉంది. కంట్రోల్ పానెల్ తెరిస్తే న్యూట్రల్ లగ్గు పచ్చగా చిలుం పట్టి చేత్తో లాగితే ఊడొచ్చింది. సోడియం రోజుల నుంచీ అలాగే ఉండి ఉంటుంది, చోకులు మూలుగుతూ భరించాయి, డ్రైవర్లు భరించలేదు. కాబట్టి కొత్త లైటు ఎక్కించే ముందు పానెల్ నుంచి చివరి స్తంభం దాకా న్యూట్రల్ జాయింట్లన్నీ విప్పి, గీకి, మళ్ళీ బిగించండి. ఒక్క రోజు పని.

ఇంకోటి, ఫోటోసెల్, అంటే చీకటి పడగానే లైట్లు వేసి తెల్లారాక ఆర్పేది. ఎల్‌ఈడీ డ్రైవర్ ఆన్ అయ్యే ఆ మొదటి క్షణంలో, మిల్లీసెకను కన్నా తక్కువసేపే, కెపాసిటర్లు నిండటానికి పదుల ఆంపియర్లు లాగుతుంది. సోడియం కోసం పెట్టిన పాత ఫోటోసెల్ రిలే కాంటాక్టులు ఆ దెబ్బకి అతుక్కుపోతాయి, ఇక పగలూ రాత్రీ వెలుగుతూనే ఉంటాయి, మీరు మిగిల్చిన కరెంటంతా అక్కడే పోతుంది. పట్టపగలు వెలిగే ఎల్‌ఈడీ వీధి లైట్లు చాలా చోట్ల ఇందుకే. జీరో క్రాసింగ్‌లో, అంటే వోల్టేజి సున్నా దాటే క్షణంలో, స్విచ్ అయ్యే ఫోటోసెల్ అడగండి, లేదంటే పానెల్లో తగిన కాంటాక్టర్ పెట్టండి, ఒక్క ఎంసీబీ మీద మొత్తం 22 లైట్లూ వెయ్యకుండా రెండు మూడు భాగాలుగా పంచండి.

పాత ఫిట్టింగ్ అలాగే ఉంచి అదే హోల్డర్లో ఎల్‌ఈడీ కార్న్ బల్బు తిప్పేస్తే సగం ఖర్చుతో అయిపోతుంది కదా అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. వద్దండీ. మొక్కజొన్న పొత్తులా చుట్టూ చిప్పులుంటాయి, వెలుతురు మళ్ళీ రిఫ్లెక్టర్ చుట్టూ తిరగాలి, మూసిన గ్లాసు లోపల వేడికి డ్రైవర్ ఉడికిపోతుంది, పైగా చోకు, ఇగ్నైటర్ తీసెయ్యకుండా బల్బు పెడితే ఆ వేల వోల్టుల పల్సులు దాన్ని మొదటి రోజే చంపేస్తాయి. తీసిన సోడియం ల్యాంపులు చెత్తలో పగలగొట్టకండి, లోపల పాదరసం ఉంటుంది, విడిగా పెట్టి ఈ-వేస్ట్ వాళ్ళకి ఇవ్వండి.

కొనే ముందు ట్రయల్ పెట్టమనండి, ఒక్క స్తంభం మీద కాదు, ఒక్కటి చూస్తే ఏమీ తెలియదు. వరసగా ఐదు స్తంభాలకి 3000 వి, ఇంకో ఐదింటికి 2700 వి, మొత్తం పది రాత్రులు. పెద్దవాళ్ళని ఆ కింద నడిపించండి, ఎదురుగా వచ్చే మనిషి మొహం ఎంత దూరం నుంచి గుర్తుపట్టారో అడగండి, పై అంతస్తు కిటికీల్లోంచి చూడండి, ఒక రాత్రి రోడ్డు తడిపి చూడండి, తడి రోడ్డు మీద చుక్కలు చుక్కలుగా మెరుస్తుంటే ఆ లెన్సు మంచిది కాదు. మీలో పాత పసుపు వెలుగు మీద ప్రేమ ఉన్నవాళ్ళు 2700 వైపు మొగ్గుతారు, నేనూ వాళ్ళ వైపే. ఫోన్ కెమెరాలో లైటు చూసినప్పుడు అడ్డ చారలు పరిగెడుతుంటే డ్రైవర్లో ఫ్లికర్ (కంటికి తెలియని మినుకు) ఉన్నట్టు.

డిమ్మింగ్ మాత్రం వదులుకోకండి. సోడియంని తగ్గించాలంటే పెద్ద తతంగం, ఎల్‌ఈడీకి డ్రైవర్లోనే ప్రోగ్రామ్ చెయ్యొచ్చు, రాత్రి 11 తర్వాత సగానికి దించి తెల్లవారుజామున 5కి మళ్ళీ పెంచమని. సగానికి దించినా కంటికి సగంలా అనిపించదు, కొంచెం తగ్గినట్టే ఉంటుంది. ఇది ఎందుకు గట్టిగా చెప్తున్నానంటే లైటు చవకైపోయిందని ఎక్కడ చూసినా ఇంకో నాలుగు పెట్టేస్తున్నారు, మామూలు జనం కంటితో చూసి పంపిన నక్షత్రాల లెక్కల మీద 2023లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం 2011 నుంచి 2022 దాకా రాత్రి ఆకాశం ఏటా దాదాపు 10 శాతం చొప్పున తెల్లబడుతూ వచ్చింది. పైన్నుంచి చూసే శాటిలైట్ కెమెరాలకి 500 నానోమీటర్ల కింద ఉండే నీలం కనపడదు కాబట్టి వాటి లెక్కలో ఇది సరిగ్గా పడలేదు కూడా. మీ వీధి పిల్లలకి తలెత్తితే నాలుగు చుక్కలు కనిపించాలని నాకు నిజంగా ఉంది.

ఒక్కటి మాత్రం పాతవి దించకముందే చెయ్యాలి. మంచి లక్స్ మీటర్ ఒకటి అద్దెకి తెచ్చుకోండి, ఫోన్ యాప్ అంకెలు నమ్మొద్దు. ఒక స్తంభం కింద, రెండు స్తంభాల మధ్యలో, ఆ రెండిటికీ సగం దూరంలో, రోడ్డు రెండు అంచుల్లోనూ రీడింగులు తీసి తేదీ వేసి రాసిపెట్టండి. సోడియం పీకేశాక ఆ అంకెలు ఇక దొరకవు, రేపు ఎవరైనా ముందే బాగుండేది అంటే చూపించడానికి మీ దగ్గర ఏమీ ఉండదు. ఆ రీడింగులూ, సప్లయర్ ఇచ్చిన ఫోటోమెట్రీ ఫైలూ, స్తంభం చెయ్యి ఎంత పొడుగు, ఎంత ఎత్తి ఉందో నాకు పంపితే ఆ 45 వాట్ల లెక్క మీ వీధికి సరిగ్గా వేసి ఇస్తాను.